ప్రొఫెసర్ గారి పుస్తకంలో వంటగది

పాతికేళ్ళు కూడా నిండకుండా నీకు జ్ఞాపకాలేంటే అని మా అమ్మ నవ్వుతుంది. నిజమే, జుట్టు నెరిసినవాళ్ళు తీరిగ్గా రాసుకోవాల్సిన సంగతులు ఇవి. కానీ కొన్ని నెలలు మనిషిని ఉన్నట్టుండి పెద్ద చేసేస్తాయి. వాటికి ఇవతల నిలబడి చూస్తే, అవతల ఉన్న పిల్ల ఎవరో పరాయి పిల్లలా కనిపిస్తుంది. మొన్న ఆదివారం దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మేముండే గదికి డాక్టర్ అన్య గారు వచ్చారు. మా గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. ఆవిడ దాన్ని పక్కకి జరిపి, అమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రొయ్యల ఇగురు కలుపుకుని చేత్తోనే తిన్నారు. కారానికి ముక్కు ఎగబీలుస్తూనే మారు వడ్డించుకున్నారు. వెళ్తూ వెళ్తూ సంచీలోంచి నల్లటి రొట్టె ఒకటి తీసి అమ్మ చేతికిచ్చారు. వాళ్ళ ఊరిదట. ఆవిడ మెట్లు దిగాక అమ్మ ఆ రొట్టెని వాసన చూసి, "పెద్దాయన ఇంటి వాసనే ఇది," అంది. ఆ పులుపు వాసన గది అంతా పరుచుకుంటుంటే నాకూ అప్పట్లో ఆవిడ తండ్రి ఉన్న మిర్దిఫ్‌లోని ఆ ఇల్లు, ఆ వసారా, ఆ భోజనాల బల్ల మీద పరిచిన కాగితాలు ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చేశాయి.

అన్య గారు జర్మనీ ఆవిడ, దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టరు. వాళ్ళమ్మ పోయాక తండ్రిని ఒంటరిగా ఉంచలేక తన దగ్గరికి తెచ్చుకున్నారు. ఆయన ఒక చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. మా అమ్మ మరియమ్మది రాజోలు దగ్గర ఊరు. నాన్న పోయిన తర్వాత గల్ఫ్ వచ్చి, రెండు ఇళ్ళు మారి, చివరికి ఆ ఇంట్లో వంటమనిషిగా కుదురుకుంది. డిగ్రీ రెండో ఏడాదిలో నేను విజిట్ వీసా మీద అమ్మని చూడడానికి వచ్చాను. ఒక నెల ఉండి వెళ్ళిపోవాలని అనుకున్నాను. వచ్చిన రెండు వారాలకే కరోనా వల్ల విమానాలు ఆగిపోయాయి. అన్య గారికి కరోనా వార్డులో డ్యూటీ పడింది. ఇంటికి వస్తే తండ్రికి అంటుతుందని, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన హోటల్ గదికి మారిపోయారు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి అమ్మతో, "మరియా, నాన్నగారు నీ చేతుల్లో ఉన్నారు," అన్నారు. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆ మాట పూర్తిగా అర్థమైంది. "నా తండ్రిలా చూసుకుంటానని చెప్పవే," అంది నాతో. నేను చెప్పాను. అలా ఆ ఇంట్లో ముగ్గురం మిగిలాం: డెబ్బై ఎనిమిదేళ్ళ జర్మన్ ప్రొఫెసరు, కోనసీమ వంటమనిషి, పంతొమ్మిదేళ్ళ నేను.

ఆ ఇంటికి ఒక గడియారం లాంటి పద్ధతి ఉండేది. పొద్దున్నే ప్రొఫెసర్ గారు తానే కాఫీ కాచుకునేవారు. ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కాగితపు వడపోతలోంచి కాఫీ చుక్కలు చుక్కలుగా దిగుతున్నంతసేపూ పక్కనే నిలబడి, ప్రయోగశాలలో నిలబడ్డట్టు చూస్తూ ఉండేవారు. అమ్మ ఇంకో పొయ్యి మీద మా ఇద్దరికీ టీ పెట్టేది. అల్లం వాసనా, కాఫీ వాసనా వంటింటి నడిమధ్య ఎదురుపడి ఎటూ పోలేక అక్కడే తిరిగేవి. అమ్మ ఆయనకి పుల్లటి క్యాబేజీ, ఉడికించిన బంగాళాదుంపలు వండడం నేర్చుకుంది. అయితే ప్రతి దాంట్లోనూ చిటికెడు జీలకర్ర పడేది. మొదట్లో ఆయన చెంచాతో ఏరి పక్కన పెట్టేవారు, తర్వాత్తర్వాత లేకపోతే అడిగేవారు. సరుకులు మూలమీది బకాలా నుంచి వచ్చేవి. ఆ కొట్టు నడిపే పఠాన్ భాయ్ మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని గేటు బయట సంచీ పెట్టి, "అమ్మా, టమాటర్ ఖలాస్! కల్ ఆయేగా, ఇన్షా అల్లా," అని, అంటే టమాటాలు అయిపోయాయి రేపొస్తాయని, అరిచి, అమ్మ బయటికి వచ్చేలోపే నాలుగడుగులు వెనక్కి వేసేవాడు. ఆదివారాలు అమ్మా నేనూ ఫోన్‌లో మా ఊరి ప్రార్థన పెట్టుకుని పాటలు పాడుకునేవాళ్ళం. ప్రొఫెసర్ గారు మేడ మీద నుంచి వింటూ కర్రతో తాళం వేసేవారు. శుక్రవారం సాయంత్రాలు అన్య గారు కారులో వచ్చి గేటు అవతల నిలబడేవారు. ఆయన బాల్కనీలోకి వచ్చేవారు. ఇద్దరూ పెద్ద గొంతుతో జర్మన్‌లో మాట్లాడుకునేవారు. ముఖ్యంగా మందుల గురించే. ఆవిడ వెళ్ళాక ఆయన చాలాసేపు రెయిలింగు పట్టుకునే నిలబడి ఉండేవారు. అప్పుడు మాత్రం అమ్మ ఆయనకి అడగకుండానే రెండో కప్పు కాఫీ తానే కాచి ఇచ్చేది, ఆయన కాదనేవారు కారు.

ఆయన అప్పుడొక పుస్తకం రాస్తున్నారు. తాను పనిచేసిన విశ్వవిద్యాలయం చరిత్ర. దాని జూబ్లీ దగ్గర పడుతోందని, మొదటి నుంచీ ఉన్నవాళ్ళలో మిగిలింది మీరే కాబట్టి మీరే రాయాలని వాళ్ళు అడిగారట. కాగితాలన్నీ రెండు పెట్టెల్లో ఆయనతోపాటే దుబాయ్ వచ్చాయి. కానీ కళ్ళలో పొరలు కమ్ముకున్నాయి. ఆపరేషను కరోనా వల్ల వాయిదా పడింది. ఒకరోజు పాత కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదవలేక బల్ల మీద కొట్టారు. నేను వెళ్ళి, "నేను చదవనా సార్?" అన్నాను. జర్మన్ రాకపోయినా అక్షరాలు ఇంగ్లీషువే కదా. నేను అక్షరం అక్షరం పలుకుతుంటే ఆయన నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన ముందు జర్మన్‌లో, తర్వాత ఇంగ్లీషులో చెప్పేవారు. నేను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని; దాన్ని తిరిగి జర్మన్‌లో పెట్టే పని వాళ్ళ యూనివర్సిటీవాళ్ళది. "క్రూపా, కొత్త పేరా," అనేవారు. నా పేరు కృప అని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఆ చరిత్ర నాకు ఇప్పటికీ కథలా గుర్తుంది. కొండల మధ్య నది ఒడ్డున ఒక చిన్న ఊరు. ఊరందరికీ అన్నం పెట్టిన ఊలు మిల్లు మూతపడింది. కుర్రవాళ్ళందరూ పెద్ద నగరాలకు వెళ్ళిపోతున్నారు. అప్పుడు ఊరి మేయరు, చర్చి పాస్టరు, ఒక బడిపంతులమ్మ కలిసి మాకు యూనివర్సిటీ కావాలని ప్రభుత్వం చుట్టూ తిరిగారు. రాజధానిలోని పెద్దలు నవ్వారట, గొర్రెలకి పాఠాలు చెప్తారా అని. ఏళ్ళ తరబడి తిరిగాక, సరే, మీ దగ్గర కట్టడం ఏముందో చూపించండి అన్నారు. వాళ్ళు మిల్లు చూపించారు. ఊలు నిల్వచేసే గోడౌనులో మొదటి తరగతి మొదలైంది. బల్లలు చర్చి నుంచి తెచ్చారు. గ్రంథాలయం అంటే గేటు దగ్గర ఆపిన ఒక లారీ. కుర్రవాడిగా చేరిన మా ప్రొఫెసర్ గారు మట్టి నమూనాలు పెట్టుకోవడానికి చోటు లేక ఊలు తూచే త్రాసుల గదిని ప్రయోగశాల చేసుకున్నారు. ఏ పరికరం తుడిచినా ఊలు పోగులే వచ్చేవట. తర్వాత ఒక్కొక్కటే పెరిగాయి. కొండ మీద కొత్త భవనాలు, అక్కడిదాకా బస్సు, ఇంజనీరింగు, ఆపైన దూరదేశాల పిల్లలు. మిల్లు పొగగొట్టాన్ని మాత్రం కూల్చలేదు. ఊరికి దారి తప్పినవాడు ఇప్పటికీ దాన్ని చూసుకునే వస్తాడని ఆయన చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం మొదటి సంవత్సరం విద్యార్థుల రిజిస్టరు గురించి చెప్తున్నారు. పెద్ద యూనివర్సిటీల్లో చోటు దొరకనివాళ్ళు, రైతుల పిల్లలు, మిల్లు కార్మికుల కూతుళ్ళు. "నాలుగో నంబరు విద్యార్థి," అన్నారాయన, "గణితంలో మూడుసార్లు తప్పాడు. తర్వాత జిల్లా మొత్తానికి నీటి సరఫరా చూసే ఇంజనీరయ్యాడు." నా వేళ్ళు ఆగిపోయాయి. ఆయనకి కళ్ళు సరిగ్గా కనిపించవు గానీ చెవులు చురుకు. "ఏమైంది?" అన్నారు. బంగాళాదుంపలు ఒలుస్తున్న అమ్మ తలెత్తి చూసింది. ఆయన చెప్పింది తెలుగులో చెప్పాను, ఇక దాచలేకపోయాను. "అమ్మా, నేను లెక్కల్లో తప్పాను. రెండుసార్లు. నీకు చెప్పలేదు," అన్నాను. ఆ మాట బయటపెట్టడానికి ఏడాది పట్టింది. ఏడాదంతా, నా కోసం ఇక్కడ గరిటె తిప్పుతున్న మనిషికి ఫోన్‌లో బాగా చదువుతున్నానని చెప్తూ వచ్చాను. అమ్మ చాకు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. "ఆ నాలుగో నంబరాయన ఎన్నిసార్లు తప్పేడన్నావు?" అంది. "మూడు." "అయితే ఆయనకంటే ఒకటి తక్కువే కదే. దానికి ఏడుపెందుకు?" అని మళ్ళీ దుంప అందుకుంది. కానీ ఆ దుంపని ఒలిచినదాన్నే మళ్ళీ ఒలుస్తూ కూర్చుంది, పాపం. ప్రొఫెసర్ గారికి విషయం చెప్పాను. "నాకు మట్టి బాగా తెలుసు, గణితం కొంచెం తెలుసు. రోజూ ఒక గంట. నువ్వు నాకు కళ్ళు అరువిచ్చావు, నేను నీకు లెక్కలు చెప్తాను," అన్నారు. మర్నాటి నుంచి నాలుగు గంటలకి, కప్పులు కడిగాక, అదే బల్ల మీద ఇంటిగ్రేషన్లు మొదలయ్యాయి. ఆయన తెల్లకాగితం మీద లావుపాటి పెన్నుతో అరచేయంత అంకెలు వేసేవారు. తప్పు చేస్తే కోప్పడేవారు కాదు. "ఈ తప్పు ఆసక్తిగా ఉంది, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకు," అనేవారు. లెక్కల్లో తప్పు కూడా ఎక్కడి నుంచో వస్తుందని, దాన్ని వెనక్కి నడిచి పట్టుకోవచ్చని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు.

పుస్తకం సగం దాటిందనుకుంటా. ఆయన మొదటి చలికాలం గురించి చెప్తున్నారు. మంచులో మిల్లు పైపులు గడ్డకట్టడం, పిల్లలు కోట్లు వేసుకునే పాఠాలు వినడం. నేను వాక్యం వాక్యం తెలుగులో అమ్మకి చెప్తున్నాను, అప్పటికి అది అలవాటైంది. అమ్మ వింటూ వింటూ అంది: "ఇన్ని గోడలు చెప్పేరు, ఇన్ని బల్లలు చెప్పేరు. అంత చలిలో అంతమంది పిల్లలకి కూడెవరు వండేరంట? అడగవే ఆయన్ని."

అడిగాను. ఆయన చేయి ఊపి, "దానికి ఏదో ఏర్పాటు ఉండేది," అన్నారు.

"ఏర్పాటంటే మనిషే కదండీ?" అంది అమ్మ. ఈసారి నన్ను అడగమనలేదు, నేరుగా ఆయన్నే చూస్తూ తెలుగులోనే అంది. నేను ఇంగ్లీషులోకి మార్చాను.

ఆయన కర్ర తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయారు. రెండు రోజులు కిందికి వచ్చి కాఫీ కాచుకోవడం, వెళ్ళిపోవడం అంతే. అమ్మ భయపడింది. "అనవసరంగా అన్నానేమోనే. పెద్దాయన మనసు కష్టపెట్టేనేమో. అన్యమ్మగారికి ఏం చెప్తాను?" అని ఒకటే నలిగిపోయింది. మూడో రోజు పొద్దున ఆయన వచ్చి బల్ల దగ్గర కూర్చుని చెప్పారు. మిల్లు మూసేశాక క్యాంటీన్ తాళం తిరిగివ్వకుండా తన దగ్గరే పెట్టుకున్న ఒక వంటావిడ ఉండేది. పేరు హిల్డా. యూనివర్సిటీ మొదలైన రోజే తాళం తీసి, ఎవరూ అడగకుండానే పొయ్యి వెలిగించింది. చేతిలో ఏమీ లేని పిల్లలు దుంపలు ఒలిచిపెట్టి తినేవారు. పన్నెండేళ్ళపాటు అందరికీ ఆవిడే వండింది. తర్వాత కొండ మీద పెద్ద భోజనశాల కట్టారు. వంట ఒక కంపెనీకి ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. ఆవిడకి ఒక పూలగుత్తి ఇచ్చి పంపేశారు. "ఆ కమిటీలో నేనూ ఉన్నాను," అన్నారాయన. "చెయ్యెత్తాను. అందుకే పుస్తకంలో ఆమె లేదు."

అమ్మ "ఆవిడ ఇంకా ఉందా?" అంది. ఆయనకి తెలియదు. మధ్యాహ్నం వాళ్ళ ఊరి పాస్టరుకి ఫోన్ చేశారు. ఉంది. తొంభై దాటింది. వృద్ధుల ఆశ్రమంలో ఉంటోంది, అక్కడా బయటివాళ్ళు రాకుండా తలుపులు మూసేశారు. మర్నాడు ఆశ్రమం నర్సు ఫోన్ కలిపి ఇచ్చింది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ వేశారు. ఒక్కో మాటా తర్వాత నాకు ఇంగ్లీషులో చెప్పారు, నేను అమ్మకి చెప్పాను. అందుకే ఆ సంభాషణ నాకు మూడు భాషల్లో గుర్తుంది.

ఆయన తన పేరు చెప్పారు. అవతల కాసేపు గరగర.

"ఓహో, మట్టి మాస్టారా! రోజూ సూపులో ఉప్పు చాల్లేదని గొణిగేవాడివి. ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను హిల్డా. నీకొక మాట చెప్పాలి. ఆ రోజు కమిటీలో నేనూ చెయ్యెత్తాను."

"నాకు తెలుసు. మీ మీటింగు నా క్యాంటీన్‌లోనేగా పెట్టారు. వడ్డించే కిటికీలోంచి అన్ని చేతులూ కనిపించాయి. నీ చెయ్యి అన్నిటికంటే కిందికి ఉంది."

ఆయన ఫోన్ మీదికి వంగి, "క్షమించు," అన్నారు.

"క్షమిస్తాలే. ఇన్నేళ్ళకి అడిగావు. ముందు కాగితం తీసుకో. మొదటి చలికాలం ఎవరెవరు తిన్నారో నీకు ఒక్క పేరూ సరిగ్గా గుర్తుండదు. నేను చెప్తాను, రాసుకో."

ఆ రోజు మొదలుపెట్టిన ఆవిడ వారాల తరబడి చెప్పింది. ఎవరి పేరు ఏంటి, ఎవరు రొట్టె ముక్క జేబులో దాచుకునేవారు, ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారు, దూరదేశం నుంచి వచ్చిన మొదటి కుర్రాడు ఆ చలికి ఏడుస్తుంటే ఎర్ర మిరపపొడి ఎక్కడ సంపాదించి సూపులో వేసిందీ అన్నీ. రిజిస్టర్లో లేనివన్నీ ఆవిడ తలలో ఉన్నాయి. అమ్మకీ ఆవిడకీ మధ్యలో మేమిద్దరం దుబాసీలం. వందమందికి ఒకేసారి దుంపలు ఉడికించేటప్పుడు అడుగంటకుండా ఏం చెయ్యాలని అమ్మ అడిగితే, హిల్డా చెప్పిన జవాబుకి అమ్మ తొడ మీద చరుచుకుని, "మా చర్చి పెళ్ళిళ్ళలో మేమూ అంతేనండీ!" అంది. ఆ ఒక్క ముక్కా మాత్రం ఎవరూ అనువదించకుండానే అవతల ఆవిడ నవ్వింది. ప్రొఫెసర్ గారు కొత్త అధ్యాయం చెప్పడం మొదలుపెట్టారు. శీర్షిక "వంటగది". దాన్ని పుస్తకం చివర్లో పెడదామా అని నేనడిగితే, "లేదు, రెండో అధ్యాయం. గోడల తర్వాత వెంటనే," అన్నారు.

వేసవి నడుస్తుండగా చిక్కుకుపోయినవాళ్ళ కోసం ప్రత్యేక విమానాలు మొదలయ్యాయి. జాబితాలో నా పేరూ వచ్చింది. అప్పటికి పుస్తకం మొత్తం టైపయింది. వెళ్ళే రోజు ఆయన గేటు దాకా వచ్చి, చేయి కలపకూడని రోజులు కాబట్టి కర్ర పైకెత్తి ఊపారు. రాజమండ్రిలో పరీక్ష రాశాను. పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కాదు గానీ, జవాబుపత్రంలో చేసిన ఒక తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నేనే వెనక్కి నడిచి పట్టుకుని దిద్దుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే, "చూసేవా, ఆ నంబరాయన కంటే నువ్వే ముందు," అని ఏడ్చేసింది. ఈసారి నిజంగానే ఏడ్చింది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వీసా మీద మళ్ళీ వచ్చాను. ఇప్పుడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫ్యాక్టరీల మధ్య నీళ్ళు పరీక్షించే ల్యాబులో చేస్తున్నాను. అమ్మ ఒక స్కూల్ వంటగదిలో చేస్తోంది. ప్రొఫెసర్ గారు కళ్ళకి ఆపరేషను చేయించుకుని సొంత ఊరు వెళ్ళిపోయారు, అన్య గారు చిన్న ఇంటికి మారారు. ఆ మిర్దిఫ్ ఇంట్లో ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటని ఆలోచిస్తే, అప్పుడు బయటికి వెళ్ళడానికి అనుమతి కావాలి, ఇప్పుడు ఎక్కడికైనా వెళ్ళొచ్చు. కానీ బస్సులో రెండు గంటలు నిలబడి ఇంటికొచ్చాక ఒకరితో ఒకరం మాట్లాడుకోవడానికి ఓపికుండదు. అప్పుడు మూడు భాషలు ఒక బల్ల మీద తిరిగేవి, అందరికీ టైముండేది. ఆ భయం మళ్ళీ వద్దు. ఆ తీరిక మాత్రం కొంచెం తిరిగొస్తే బాగుండునని ఉంటుంది. ల్యాబులో ముదీర్, అంటే మా మేనేజరు, పెద్ద పెద్ద రిపోర్టులు తెచ్చి సంతకం పెట్టమంటే, ఈ నమూనా ఎవరు తెచ్చారు, ఎండలో ఎవరు నిలబడి సీసాలు నింపారు అని అడుగుతుంటాను. ఆ పేర్లు కూడా కాగితంలో ఉండాలంటాను. "యల్లా కృపా, కానివ్వు, ఎందుకివన్నీ," అంటాడాయన. అంటూనే రిపోర్టు ఫారంలో ఆ పేర్లకి ఒక గడి కొత్తగా గీయించాడు.

కరోనా వల్ల వాయిదా పడిన జూబ్లీ, నేను తిరిగొచ్చిన ఏడాదే జరిగింది. ఆ రోజే పుస్తకం విడుదల. మమ్మల్ని వీడియోలో చేరమన్నారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడుతుంటే, అమ్మ పెళ్ళిళ్ళకి కట్టుకునే నీలం పట్టుచీర కట్టుకుని నా లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద కొండ మీది పెద్ద హాలు, వందలమంది జనం. మొదటి వరుసలో చక్రాల కుర్చీలో ఒక పిట్టంత ముసలావిడ. పక్కనే మా ప్రొఫెసర్ గారు, కొత్త కళ్ళద్దాలతో. మేయరు మాట్లాడాడు. మంత్రి మాట్లాడాడు. ఇద్దరు డీన్లు మాట్లాడారు. చివరికి యూనివర్సిటీ పెద్ద మైకు దగ్గరికి వచ్చి, ఈ పుస్తకంలో ఒక అధ్యాయం దుబాయ్‌లో ఒక ప్రశ్న వల్ల పుట్టిందని, ఆ ప్రశ్న అడిగిన ఫ్రావ్ మరియా, అంటే మా అమ్మ, రెండు మాటలు చెప్పాలని అన్నారు. ఒక్కసారిగా అన్ని తలలూ మా వైపు తిరిగాయి.

"ఏం చెప్పనే?" అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ.

"నీకేం అనిపిస్తే అది."

అమ్మ తెరలోకి ముందుకు వంగి ఆ జనాన్నంతా ఒకసారి చూసింది. "అందరూ భోజనాలు చేసేరా అని అడగవే," అంది.

నాకొచ్చిన ముక్కల జర్మన్‌లో అడిగాను. మొదటి వరుసలోంచి హిల్డా సన్నటి గొంతు ఖంగుమంది. "ఎక్కడా! పొద్దుటి నుంచి ఉపన్యాసాలే!"

హాలంతా ఘొల్లుమంది. యూనివర్సిటీ పెద్ద నవ్వుతూ చేతిలో మిగిలిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. కుర్చీలు కదిలాయి. ప్రొఫెసర్ గారు లేచి, ఎవర్నీ రానివ్వకుండా తానే హిల్డా కుర్చీ నెట్టుకుంటూ అందరికంటే ముందు బయటికి నడిచారు. జనం వాళ్ళ వెనక వెళ్ళారు. కెమెరా ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఖాళీ అయిన ఆ హాలు అవతల నుంచి గిన్నెల చప్పుడు, గరిటెల చప్పుడు మా గదిలోకి చాలాసేపు వినిపిస్తూనే ఉంది. అమ్మ అది వింటూ చిరునవ్వుతో అలాగే కూర్చుంది.